తలంబ్రాల బియ్యంతో అండమాన్‌కు

మొన్న మా కింది వాటాలో ఉండే కొత్త కోడలు ఫోన్ పట్టుకుని పైకి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ అండమాన్ చూసి రావాలనుకుంటున్నారట. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు పధ్నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ, విమానంలో రెండు గంటల పైచిలుకు అని ఉంది, నిజమేనా అని అడిగింది. వాన లేకపోతే నిజమేనమ్మా అని నవ్వాను. నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

ఆవిడది నెల్లూరుకు పడమటి పల్లె. తల్లి పోతే తమ్ముణ్ణి తానే చంకనేసుకుని పెంచారు. అతను వడ్రంగం నేర్చుకుని, పెళ్లయ్యాక ఓడెక్కి అండమాన్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. మూడు రోజుల సముద్ర ప్రయాణానికి ఈవిడ ససేమిరా అనేవారు. తమ్ముడికి పని వదిలి రావడం కుదిరేది కాదు. ఫోనులో గొంతులు వింటూనే ఏళ్లు గడిచాయి. చివరికి తన కూతురి పెళ్లి కుదిరి, ఆయన మద్రాసు నుంచి విమానం టిక్కెట్లు తీసి పంపాడు. ఆవిడకు తోడు నేను. మేనకోడలి తలంబ్రాలకు మన చేలో పండిన మొలగొలుకుల బియ్యమే కావాలని మూట కట్టుకున్నారు. ఆ మూటను సీటు కింద పెట్టమన్న విమానంలోని అమ్మాయితో, తలంబ్రాల బియ్యం కాళ్ల దగ్గర పెడతారా అని పెద్ద పేచీయే పెట్టుకుని, నెత్తిమీది అరలో పెట్టించారు.

మర్నాడు పొద్దునే ముహూర్తం. తీరా అండమాన్ దగ్గరపడ్డాక మబ్బుల్లో విమానం ఊగిపోయింది. కింద జోరువాన, దిగలేక వెనక్కి పోతున్నామని పైలట్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. విమానం దిగగానే ఆవిడ హుషారుగా నాలుగడుగులు వేసి, "ఈడ కూడా అందరూ అరవమే మాట్లాడతండారేందమ్మే?" అన్నారు. అప్పుడు చెప్పాను, మళ్లీ మద్రాసులోనే ఉన్నామని. అక్కడే కుర్చీలో కూలబడ్డారు. పమిటతో కళ్లు తుడుచుకుని, తమ్ముడికి ఫోన్ చేయించారు.

"అబ్బయా, నా కోసం బిడ్డ పెళ్లి ఆపబాకయ్యా."

"నువ్వు రాకుండా తాళి ఎట్టా కట్టిస్తానక్కా? అయ్యవారిని అడిగి ముహూర్తం సాయంత్రానికి మార్పిస్తా. నువ్వు రేపటి విమానం ఎక్కు."

మళ్లీ ఎక్కడానికి భయంగా లేదా అని అడిగాను. "బెదిరి కూచుంటే బిడ్డకి తలంబ్రాలు ఎవురిస్తారు?" అని నన్నే కసిరారు.

మర్నాడు అండమాన్‌లో మంచి ఎండ. బయటికి రాగానే ఆవిడ కళ్లు జనంలో తమ్ముడి కోసం వెతకసాగాయి. తల పూర్తిగా నెరిసిన ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడితే, అడ్డమొచ్చాడన్నట్టు మెడ పక్కకు వంచి ఆయన వెనక చూశారు. "అక్కా" అన్నాడాయన. ఆ గొంతు వినగానే ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ఇంత ముసలోడివి ఎప్పుడయినావురా?"

"నువ్వు మాత్రం పడుచుపిల్లగా ఉండావా?" అన్నాడాయన. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు. సాయంత్రం పెళ్లి కళకళలాడుతూ జరిగిపోయింది. తర్వాత వారం రోజులూ అక్కా తమ్ముళ్లు వసారాలో కూర్చుని చిన్ననాటి కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు.

గడిచిన కాలం మన మొహంలో మనకు అంతగా కనపడదు. ఎంతో ఇష్టమైనవాళ్లు చాలాకాలానికి ఎదురుగా వచ్చి నిలబడినప్పుడే, అన్ని ఏళ్లూ ఒక్కసారిగా కళ్లబడతాయి.