ఎవరి మండ వాళ్లే తీయాలి

మా మేనత్త పోయింది. కల్లూరులో నేను పనిచేసే బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మామ ఫోన్ చేశాడు. "మీ అత్త లేదు బిడ్డా. తునికాకుకు పోయి అడవిల ఎండకు పడిపోయింది. భద్రాచలం దవాఖానాకు తీస్కపోతాంటే దార్లనే పానం పోయింది" అన్నాడు. ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది. ఎదురుగా ఉన్న పేపరుకు ఎన్ని మార్కులు వేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

పినపాక అవతల, అడవి అంచున వాళ్ల ఊరు. అక్కడి మహిళా సంఘానికి అత్త లీడర్. మీటింగ్ ఉన్న రోజు అందరికంటే ముందు పోయి తనే ఊడ్చి చాపలు పరిచేది. కూర్చున్నాక మాత్రం నోరు విప్పేది కాదు. అందరూ మాట్లాడాకే తను. ఎందుకని అడిగితే, "నేను ముందు మాట్లాడితే నా మాటనే మిగుల్తది. వాళ్ల కడుపుల ఉన్నది కడుపులనే ఉంటది" అంది. అలాగని శాంతమూర్తి అనుకునేరు. మామ తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఆమె గొంతు ఊరంతా వినపడేది.

పోయిన ఏడాది నన్ను ఇన్‌చార్జి హెచ్‌ఎంను చేశారు. నాయకత్వం మీద ఖమ్మంలో శిక్షణ కూడా ఇచ్చారు. అక్కడ చెప్పిన మంచి అలవాట్లన్నీ ఒకేసారి మొదలుపెట్టి, వారం తిరగకుండానే అన్నీ వదిలేశాను. నన్ను చూస్తే టీచర్లు మొహం తిప్పుకునేవాళ్లు. సెలవుల్లో అత్త దగ్గర కూర్చుని ఇదంతా వెళ్లబోసుకున్నాను. ఆమె ఆకు కట్టలు కడుతూ వింది.

"గన్ని ఎందుకు పెట్టుకున్నవే? ఒక్కటి పట్టుకో. పొద్దున పోంగనే ఒక్కొక్కల దగ్గరికి పోయి, తిన్నవా, ఇంటికాడ మంచిదేనా అని అడుగు."

"కోపంగా ఉన్న రోజు?"

"ఆ రోజే అడగాలె. మనసు మంచిగున్న రోజు ఎవలైనా అడుగుతరు. బుద్ధి పనిచెయ్యని రోజు కోసమే అలవాటు."

అడిగాను. మొదట్లో చాటుగా నవ్వుకున్నారు. కొన్నాళ్లకు, ఎవరితోనూ కలవని ఒక టీచరు తన భర్త జబ్బు సంగతి నాతో చెప్పుకుంది. ఇవాళ మా బడి కాస్త కుదురుగా నడుస్తోందంటే అది అత్త పెట్టిన భిక్ష.

ఆమె సొంత అలవాటు ఒకటుంది. బీడీలు చుట్టే తునికాకు కోసే సీజన్లో ఆడవాళ్లంతా తెల్లవారుతూనే అడవిలోకి పోయి, ఆకు కోసం తలోదిక్కు చెదిరిపోతారు. అందుకని దారి మొదట్లో ప్రతి మనిషీ తన గుర్తుగా ఒక్కో రకం చెట్టు పచ్చి మండ విరిచి, ఎవరి రాయి కింద వాళ్లు పెట్టి పోవాలి. తిరిగొచ్చాక ఎవరి మండ వాళ్లే తీసి పారేయాలి. ఇంకొకరిది ముట్టకూడదు. సాయం చేద్దామని ఒకరిది ఇంకొకరు తీస్తే, మనిషి లోపలే ఉన్నా వచ్చేసినట్టు అయిపోతుందని ఆమె భయం. అందరివీ లేచాకే అత్త తనది తీసేది. ఏళ్ల తరబడి చెప్పి చెప్పి ఊరికంతా ఆ పద్ధతి అలవాటు చేసింది.

అత్త పోయిన రోజు పక్కింటి కోడలి మండ మిగిలిపోయింది. చంటిదానికి జ్వరం ఎక్కువైందని ఆమె మొగుడు బండి మీద వాగు అవతలికి వచ్చి, అటునుంచి అటే ఆమెను తీసుకుపోయాడు. ఇద్దరు ఆడవాళ్లు అది చూశారు కూడా. వాళ్లు బయటికొచ్చి తమ మండలు తీసుకున్నారు, ఆమెది ముట్టలేదు. ముట్టకూడదు కదా. చెబుదామంటే అత్త ఇంకా లోపలే ఉంది. వాళ్లు ఇళ్లకు పోయి కట్టలు కట్టుకుంటూ కూర్చున్నారు. అత్త వచ్చి చూసేసరికి తన మండ పక్కన ఆ పిల్లది కనపడింది. కాసేపు ఆగి, నడినెత్తిన ఎండలో పేరు పెట్టి పిలుచుకుంటూ మళ్లీ అడవిలోకి పోయి ఉంటుంది. సాయంత్రం ఆకు అమ్మే కల్లం దగ్గర ఆమె లేకపోయేసరికి ఊరు కదిలింది. వెతకబోయిన మగవాళ్లకు వాగు ఇసుకలో పడి కనిపించింది.

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది, అత్త మీదే. ఊళ్లోకి పోయి ఒక్క మాట అడిగి ఉంటే బతికేది. ఆ లోపల ఆ పిల్లకు ఏమైనా అయితే ఎట్లా అనుకుని ఉంటుంది. ఒక్కొక్కరినీ కనిపెట్టుకునే ఏ అలవాటుతో నేను బాగుపడ్డానో, అదే ఆమెను పొట్టన పెట్టుకుంది.

ఊరి కోపం మాత్రం పక్కింటి కోడలి మీద. ఎవరూ తిట్టలేదు, పలకరించడం మానేశారు. బోరింగు దగ్గరికి ఆమె వస్తే ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్లు. ఆ పిల్ల బయటికి రావడమే మానేసింది. తిండి లేక, చంటిదానికి పాలు కూడా రావడం లేదన్నారు. ఇక ఈ ఊళ్లో ఉండలేం, బూర్గంపాడు పోయి కూలి చేసుకుందామని మొగుడు సామాను సర్దుతున్నాడు.

పెద్దకర్మ రోజు, భోజనాలకు అందరూ కూర్చున్నాక మామ ఆమెను పిలిపించాడు. వచ్చి, తల వంచుకుని నిలబడింది.

"ఆటోల పండవెట్టినంక మా ఇంటామెకు జర తెలివొచ్చింది బిడ్డా" అన్నాడు మామ, అందరికీ వినపడేలా. "పిల్ల ఇల్లు చేరిందా అని అడిగింది. అవ్, చేరింది అన్న. అయితే మండ తియ్యమను అన్నది. ఇగ మాట్లాడలె."

పంక్తిలో ఎవరి చెయ్యీ నోటిదాకా పోలేదు. ఆ పిల్ల ఘొల్లుమంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అడవి దారి పట్టింది. ముందుగా లేచింది ఆ బోరింగు దగ్గరి ఆడవాళ్లే. వాళ్ల వెనక మేమూ నడిచాం.

ఆమె వంగి, రాయి పక్కకు పెట్టి, ఎండిపోయిన తన మండ తీసింది. పారేయడానికి చేతులు రాక అలాగే పట్టుకుని నిలబడింది. ఒకావిడ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

పక్క రాయి కింద ఇంకొకటి ఉంది, అత్త పెట్టిన కానుగ మండ. మామ చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. ఒకసారి వంగబోయి, ఆగిపోయాడు. మర్నాడు తునికాకుకు పోయిన ఆడవాళ్లు తమ మండలు దాని పక్కనే పెట్టారు. ఎండ ఎక్కేసరికి తిరిగొచ్చి ఎవరిది వాళ్లు తీసుకుని ఇళ్లకు పోయారు. అత్తది ఆకులు రాలిపోయి, ఉత్త పుల్లగా, ఇంకా ఆ రాయి కిందే ఉంది.