పెయ్యదూడనిచ్చి తెచ్చిన టేప్‌రికార్డర్

మా బావ జాయే పెయ్యదూడనిచ్చి ఓ పాత టేప్‌రికార్డర్ తెచ్చుకున్నాడని తెలిసిన రోజు సరాసరి అతని పాకకి పరిగెత్తాను. మేం పశువుల మీద బతికేవాళ్లం. పెయ్యను పెళ్లికిస్తాం, బిడ్డకు పేరుపెట్టే రోజు ఇస్తాం. మరీ కరువొస్తే ఏడుస్తూ అమ్ముకుంటాం. మెడలో వేలాడేసుకునే పెట్టె కోసం పెయ్యను ఇచ్చినవాడు మా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు.

"మతి ఉందా బావా నీకు? ఆ పెట్టె ఈనుతుందా? పాలిస్తుందా?" అన్నాను.

"నీకంటే నయమేలేరా. నొక్కితే నోరు మూస్తుంది," అన్నాడు.

మేనత్త కొడుకుని ఎంత మాటైనా అనొచ్చు, వాడూ మనల్ని అనొచ్చు. అది మాకు పుట్టుకతో వచ్చిన హక్కు. కానీ ఆ రోజు నాకు నిజంగానే ఒళ్లు మండింది.

జాయేకి నలభై దాటాయి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎడారి అంచున మా దకోరో ఊరి చుట్టుపక్కల ఏ గుంటలో ఎన్నాళ్లు నీళ్లుంటాయో అతన్నే అడగాలి. మాట మాత్రం పొదుపు. మా మేనత్తకి తొలిచూలు కొడుకు. మా ఆడవాళ్లు తొలిచూలు బిడ్డను పేరుపెట్టి పిలవరు, ఎదురుగా మాట్లాడరు, పదిమందిలో కన్నెత్తి కూడా చూడరు. సిగ్గు. ఆ సిగ్గు నిలుపుకున్న ఆడదానికే మాలో గౌరవం. అత్త దాన్ని నిలుపుకోవడంలో అందరినీ మించింది. కొడుక్కి పాలు కూడా ఇంకొకరి చేత పంపేది. తల్లి గొంతు జాయే విన్నదంతా ఆమె వేరేవాళ్లతో మాట్లాడుతుండగానే.

అత్త మజ్జిగ చిలుకుతూ పాడుకునేది, అదీ ఎవరూ లేనప్పుడే. ఒకసారి జాయే చెల్లెలు దులేల్ తన టేప్‌రికార్డర్‌లో ఎర్ర బొత్తాం నొక్కి, రికార్డవుతుండగానే దాన్ని చాప కింద దాచి నీళ్లకు వెళ్లిపోయింది. తిరిగొచ్చి పాట మొదలు కాస్త విందో లేదో, ఆ వారమే ఎద్దు ఆ పెట్టెను తొక్కేసింది, కేసెట్ మాత్రం మిగిలింది. అత్త పోయాక ఆ కేసెట్‌ను అన్న చేతిలో పెట్టి, పెళ్లయి సరిహద్దు అవతలకి వెళ్లిపోయింది. ఇది జరిగి పదకొండు వానాకాలాలు.

అప్పట్నుంచీ జాయే కేసెట్‌ను తోలుసంచిలో కుట్టించి మెడలో వేసుకు తిరిగాడు. ఏ సంతకెళ్లినా సరైన పెట్టె కోసమే వెతుకులాట. ఇప్పుడు అందరివీ ఫోన్లాయె, కేసెట్లు ఎవడిక్కావాలి? దొరికిన ఒకటి కరెంటు లేనిదే పలకదు. మా పాకలో కరెంటు ఆవు తోకలోంచి తియ్యాలి. ఇంకొకటి టేపు నమిలేసింది. తల్లి కేసెట్‌ను ముందుగా పెట్టేంత పిచ్చివాడు కాదులెండి, పరీక్షకి ఒక మతబోధకుడి కేసెట్ వెంట తిప్పేవాడు. ఆ బోధ మేకపిల్ల గొంతులో విన్నాను, నిద్రమత్తు గొంతులో విన్నాను. అంతా నాకు కంఠతా వచ్చేసింది, భక్తి మాత్రం రాలేదు.

చివరికి ఒక ముసలి ఒంటెల బేరగాడి మెడలో, మేకతోలు తొడుగులో, ఆ పెట్టె కనిపించింది. బోధకుడు అందులో మనిషిలాగే మాట్లాడాడు. ముసలాడు డబ్బు వద్దన్నాడు, పెయ్యను అడిగాడు. ఈయన ఇచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం చాపల నీడలో కూర్చున్నాం. నేను, జాయే, అతని భార్య కెడీ, అత్తకి అక్క అయిన దాడో. టీ మూడో విడత పోస్తున్నాను. జాయే సంచి విప్పి కేసెట్ పెట్టాడు. బొత్తాం నొక్కాడు.

అత్త పాడింది. అచ్చం ఆమే. చిలికే చప్పుడు, దూడ అరుపు కూడా వినిపించాయి. పాట ఆగింది. మజ్జిగ చిలికే సొరకాయ బుర్ర కింద పెట్టిన చప్పుడయింది. తర్వాత మెల్లగా ఒక మాట:

"జాయే... జాయే. ఇవాళ పాలు తాగకుండానే పోయావు కదరా. అంత దూరం ఎలా నడుస్తావు నాన్నా? తాగి వెళ్లరాదూ."

నా చేతిలోని గ్లాసు జారి పడింది. కెడీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లు ఎదురుగా తిరిగిన తల్లి పలకని పేరు అది. పట్టపగలు మా అందరి మధ్యా పలికింది.

"ఆపు! ఆపరా దాన్ని!" దాడో పెద్దత్త లేచి నిలబడింది. "ప్రాణం పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నా. పెదవి కొరుక్కుంది గానీ నీ పేరు అన్లేదు. దాని పరువు ఇప్పుడు ఊరందరికీ వినిపిస్తావా? ఆ ఎర్ర బొత్తాం నొక్కు. చెరిపెయ్!"

"పోయిన మనిషికి సిగ్గేంటి పెద్దత్తా?" అన్నాను కోపంగా.

"నువ్వు నోర్ముయ్. బతికుండగానే సిగ్గొదిలేసినోడివి."

"పెద్దమ్మా, అమ్మ నాతో అన్నవి ఈ నాలుగు మాటలే," అన్నాడు జాయే.

"ఆ నాలుగు మాటలు అనకుండా ఉండటానికే అది జన్మంతా నోరు కట్టుకుంది," అంది పెద్దత్త.

జాయే పెట్టె తీసుకుని దూడల వైపు వెళ్లాడు. చాలాసేపు మాకు అతని వీపే కనిపించింది. తిరిగొచ్చి, "చెరిపేశాను పెద్దమ్మా," అన్నాడు. పదకొండేళ్లు ఊరూరా తిరిగింది ఇందుకేనా అనిపించింది. ఆ పూట అతనికి టీ కూడా పొయ్యలేదు.

మర్నాడు అతను పశువులను నీళ్లకి తోలుకెళ్లాక, పెట్టె గుంజకి వేలాడుతూ కనిపించింది. పాటైనా మళ్లీ విందామని చెవికి ఆనించి నొక్కాను. పాట అయిపోయింది. బుర్ర కింద పెట్టిన చప్పుడయింది. ఇక ఏమీ ఉండదనుకుని ఆపబోయాను.

జాయే గొంతు వినిపించింది, చాలా చిన్నగా: "తాగే వెళ్తున్నానమ్మా. కడుపు నిండా తాగాను."