నోము నాడు చెల్లెలి చేతికి సెన్సరు: బరంపురం నుంచి అస్కా దాకా

మీ ఇంట్లో షుగరున్న మనిషి ఒంట్లో ఈ నిమిషాన ఏం జరుగుతోందో మీకు తెలుసా? పోయిన నెల పరీక్షలో వచ్చిన అంకె కాదు నేనడిగేది, ఇప్పటిది! నాకూ తెలియదు. ఐదో తరగతితో బడి మానేసి, భగవంతుడి మాట సొంతంగా నేర్చుకుని, బరంపురం భజన మండళ్లలో ఏళ్ల తరబడి గొంతు చించుకుంటున్నవాణ్ణి. అస్కాలో ఉండే నా చెల్లెలు నారాయణమ్మ చెరకు తోటలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోతే గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆమె రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. "షుగరు ఎప్పుడు పడిపోతోందో తెలియకుండా మందు మార్చలేను. రెండు వారాలు సెన్సరు పెట్టించండి" అన్నారు డాక్టరుగారు. సెన్సరంటే జబ్బకి అంటించే రూపాయి బిళ్ళంత వస్తువు. మాటిమాటికీ వేలు గుచ్చకుండా షుగరెంతో ఫోనుకి చెబుతూనే ఉంటుంది. పద్నాలుగు రోజులకి నాలుగైదు వేలు. చెరకు కోసే ఇంటికి ఆ మాట చాలు, గుండె జారడానికి.

మందుల హోల్‌సేలు శెట్టిగారి దగ్గరికి వెళ్లాను. "ఒకటయితే అచ్చు ధరే గురూగారూ. ఆరు ఒక్కసారి తీసుకుంటే నా లాభం వదులుకుంటాను" అన్నారు. ఆ ఆదివారం భజనలో లేచి నిలబడ్డాను. "మీరు కప్పిన శాలువాలు నా బీరువాలో పురుగులు తింటున్నాయి. ఇక నాకు శాలువా వద్దు, ఆ డబ్బు సెన్సర్లకి పెట్టండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు చేతులెత్తండి!" అయిదు చేతులు లేచాయి. చెల్లెలితో ఆరు. తలా కట్టవలసింది సగానికి దిగింది.

మార్గశిర లక్ష్మివారం (గురువారాన్ని మేం అలాగే అంటాం) పొద్దున్న ఏడింటికి అస్కా బస్సెక్కాను. టిక్కెట్టు అరవై చిల్లర, హింజిలి మీదుగా గంటన్నర దారి. ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. "ఎక్కడ దింపాలి?" అన్నాడు కండక్టరు. "షుగర్ కాడ" అన్నాను. అస్కాలో షుగర్ అంటే చక్కెర మిల్లే. నా ఒళ్ళో మందుల పెట్టె చూసి, "ఒంట్లో ఉన్నది సాల్లేదేటి గురూగారూ, మిల్లుకి కూడా ఎల్తన్నారు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. "నవ్వు నాయనా, నీ పొట్ట సూస్తే రేపు నువ్వూ నా ఎనకాలే దిగీలాగున్నావు" అన్నాను.

మిల్లు నుంచి షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. చెరకు బళ్ల వెనక ఆటో నత్తలా నడిస్తే, తొమ్మిదింటికి చెల్లెలి ఇంటికి చేరాను. గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గు, లోపల పిండివంటల వాసన. జబ్బకి సెన్సరు అంటించాను. "సీమ కుట్టినట్టుందంతే అన్నియ్యా" అంది. అది పనిచేయడానికి గంట పడుతుంది. గంట గడిచి మొదటి అంకె వచ్చేసరికే ఫోను కూత పెట్టింది. యాభై ఎనిమిది! డెబ్భైకి తగ్గకూడదు. ఇంకా పడిపోతోందని పక్కన కిందకి బాణం. నమ్మలేక వేలు గుచ్చి చూశాను. అదీ ఇంచుమించు అంతే.

"పొద్దున్నేటి తిన్నావే?"

"నోము కదా, పూజయ్యీదాకా ఏటీ తిన్ను."

"ఇన్సులిన్?"

"ఏసుకున్నాను. నువ్వే కదేటి సెప్పావు, సూదిమందు తిండి కాదు, ఉపాసం సెడదని!"

చెప్పాను. పోయినేడాది పొలసర సభలో, మైకు ముందు, చప్పట్ల మధ్య చెప్పాను. ఆ మందు వేసుకుని పస్తుంటే ప్రాణం మీదకి వస్తుందని అప్పటికి నాకే తెలియదు. "నాకేటీ అవ్వలేదు, బాగానే ఉన్నాను" అంటోంది, చేతిలో గరిటె వణుకుతోంది. గ్లాసుడు నీళ్లలో పంచదార కలిపి నోటి దగ్గర పెట్టాను. మూతి తిప్పేసింది.

"నైవేద్యం పెట్టకుండానా? నోము పోద్ది!"

"ఆ పాపం నాది. ఒంటిని మాడ్చి తపస్సు సేసీవోళ్లు లోపలున్న నన్నే మాడుస్తన్నారని పరమాత్మే అన్నాడు. తాగు!"

"ఈ మాట పోయినేడాది సెప్పలేదేటి?" అంటూ తాగింది.

పావుగంటకి వేలు గుచ్చితే అంకె డెబ్భై దాటింది. అన్నం పెట్టి తినిపించాను. డాక్టరుగారికి ఫోను చేస్తే ఇన్సులిన్ మోతాదు మార్చి, ఇక పస్తు ఊసెత్తొద్దన్నారు. మూడింటి బస్సులో తిరిగొస్తూ సంచిలోని గ్రంథం తీశాను. అక్షరాలు కనబడలేదు, కళ్లు నిండిపోయాయి. దైవవాక్యం తప్పు కాదు, దాన్ని అందించిన నా నోరు తప్పు. ఆ ఆదివారమే పొలసర వెళ్లి, అదే మైకులో నా మాట వెనక్కి తీసుకున్నాను. అక్కడ కూడా సెన్సర్లకి ఆరు పేర్లు రాసుకున్నాను. ధర ఎక్కువని ఇంట్లో కూర్చుని ఏడిస్తే తగ్గదు. పదిమంది కలిసి అడిగితే తగ్గుతుంది. తగ్గించి చూపించాం!

ఒక్క సలహా. కొనేముందు ఆ సెన్సరు మీ ఫోనుతో పనిచేస్తుందో లేదో దుకాణంలోనే చూసుకోండి. ఒకరు వాడినది ఇంకొకరికి పనికిరాదు, ఎవరిది వాళ్లదే. ఇక లేవండి. మీ వీధిలో ఇన్సులిన్ వేసుకుని ఉపవాసం ఉండే తల్లి ఎవరో మీకు తెలుసు. రేపు కాదు, ఈ పూటే ఆమె తలుపు కొట్టండి. "అమ్మా, తిన్నావా?" అని అడగండి!