బాబాయి ఒంట్లో బంగారు గింజ

నేను దయ్యాన్ని గాని దేవుణ్ణి గాని నమ్మినవాణ్ణి కాను. విజయవాడ సభల్లో బాబాలను నిలదీసి రాళ్ల దెబ్బలు తిన్నాను. కాబట్టి దీన్ని ఎవరి మహిమకూ సాక్ష్యంగా వాడుకోవద్దు.

డెబ్భైల నాటి మాట. ఉయ్యూరు దగ్గర వ్యవసాయం చేసే మా బాబాయికి ప్రొస్టేటు గ్రంథిలో క్యాన్సరు తేలింది. తాయెత్తులు తెచ్చిన బంధువులతో పోట్లాడి మద్రాసు తీసుకెళ్లింది నేనే. అక్కడ డాక్టర్లు వడ్లగింజకన్నా చిన్న రేడియోధార్మిక బంగారు గింజలను ఆ గ్రంథిలో గుచ్చారు. వాటి రేడియేషన్ కణితిని లోపలినుంచే కాలుస్తుంది. కొన్ని వారాలు గర్భిణులకూ పసిపిల్లలకూ దూరంగా ఉండమన్నారు. ఆ తర్వాత గింజలు ఒంట్లోనే ఉన్నా వాటి శక్తి పోతుందట.

ఇంట్లో ఆయన కూతురు శారద పురిటికి వచ్చి ఉంది. బాబాయి పెరటి కొట్టంలోకి మకాం మార్చాడు. మనవడు పుట్టాడు. గడువూ దాటింది. అయినా ఆయన బిడ్డను ముట్టుకోలేదు.

"ఒక గింజ దారి తప్పిందిరా. ఇక్కడికొచ్చి కూర్చుంది" అని కుడి పక్కటెముకల మీద వేలు పెట్టాడు. "ఇంకా వెచ్చగానే ఉంది."

"నీకెట్టా తెలిసింది బాబాయ్?"

"మండె కట్టిన వడ్లలో చెయ్యి పెడితే తెలీదంట్రా?"

నానబెట్టిన విత్తనాన్ని మూటగట్టి మొలక కోసం మగ్గబెట్టడమే మండె కట్టడం. లోపలి వేడిని చేత్తో చూసి రైతు అదును చెబుతాడు.

"నువ్వేమన్నా నారుమడివా, మొలకెత్తడానికి?" అన్నాను. ఆయన నవ్వలేదు.

శారద బిడ్డతో గుమ్మం దాకా వచ్చింది. "ఒక్కసారి ఎత్తుకో నాన్నా."

"దగ్గరికి రామాక!" అని అరిచాడు. ఆయన గొంతులో అంత భయం నేనెన్నడూ వినలేదు.

అది భ్రమేనని రుజువు చేయాలనుకున్నాను. విజయవాడ గవర్నరుపేటలో ఎక్స్‌రే తీయించాను. ఆయన చూపిన చోట నా చేత్తోనే ఒక పిన్నీసును ప్లాస్టరుతో అంటించాను. ఫిల్ములో పిన్నీసు ఒక్కటే కనబడుతుంది, ఆయన భయం తీరుతుంది. ఇదీ నా ధీమా.

తడి ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టారు. పిన్నీసు తెల్లగా పడింది. దాని రెండు కడ్డీల మధ్య సన్నని తెల్ల గీత. దుమ్మేమోనని మళ్లీ తీయించాను. అక్కడే ఉంది. పక్కనుంచి తీయిస్తే ఊపిరితిత్తి లోపల కనిపించింది.

మద్రాసు డాక్టరుకు ట్రంకు కాల్ చేశాను. గింజ రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తిలో ఆగడం ఉన్నదేనట. శక్తి ఎప్పుడో పోయింది, బిడ్డకు భయం లేదన్నాడు. మరి రోగికి అది తెలుస్తుందా? వేడిగా తగులుతుందా?

"అసాధ్యమండీ" అన్నాడు.

భయం లేదనగానే బాబాయి చేతులు చాచాడు. మనవణ్ణి ఎడమ భుజాన వేసుకున్నాడు.

కాకతాళీయమంటారా? ఇంకొకరు చెబితే నేనూ అదే అనేవాణ్ణి. కానీ పిన్నీసు అంటించింది నేనే. గింజ అక్కడికి ఎలా వెళ్లిందో వివరించగలను. ఆయనకెలా తెలిసిందో ఈనాటికీ చెప్పలేను.

బతికినన్నాళ్లూ ఆయన ఆ పిల్లవాణ్ణి ఎడమ భుజానే మోశాడు. వాణ్ణి ఎత్తి అందించాల్సి వస్తే, నేను కూడా ఎడమవైపే అందించేవాణ్ణి.