సర్దుతున్నాను

సాల్మె ఉద్యోగమంతా ఒక పొడవాటి కర్రతోనే గడిచింది. తాలిన్ చెస్ భవనంలో జనం చూడడానికి గోడకు ఒక పెద్ద చదరంగం బల్ల తగిలించి ఉండేది. వేదిక మీద ఆటగాళ్లు ఎత్తు వేయగానే ఆమె గోడ మీది పావును కర్రతో తీసి మరో కొక్కేనికి తగిలించేది. వేదికకు అంత దగ్గరగా కూర్చునేది ఆమె ఒక్కతే. అయితే ఆమె చూసేది ఆటను కాదు, ఆడే చేతులను.

ఆ చేతులన్నిట్లో ఎవాల్డ్ తమ్మిక్ మాస్టారి చేతులంటే ఆమెకు గౌరవం. ప్రపంచ విజేతలనే ఓడించిన మనిషి, తాను మాత్రం ప్రపంచ విజేత కాలేకపోయారు. ప్రతిసారీ గడప దాకా వచ్చి ఆగిపోయేవారు. బజారులో చేపలమ్మే లిండా ఊరుకునేది కాదు.

“ఏమే సాల్మే, మీ మాస్టారు మళ్లీ రెండోవాడేనటగా?”

“అయితే అయ్యాడు. నీ చేపలకంటే తాజాగానే ఉన్నాడులే!”

మాస్టారికి ఒక అలవాటుండేది. గడిలో పావు కాస్త ఒరిగినా ఓర్చుకోలేరు. కానీ ఆ ఆటలో ముట్టుకున్న పావునే జరపాలి. ఊరికే సరిచేయాలంటే ముందుగా “సర్దుతున్నాను” అనాలి. ఎదుటివాడు లేచి పచార్లు చేస్తున్నా సరే, ఖాళీ కుర్చీకి ఆ మాట చెప్పి మరీ సర్దేవారు. చాదస్తం అని జనం నవ్వుకునేవారు.

ఒక ఏడాది పోటీలో ఆఖరి ఆట. గెలిస్తే ప్రపంచ విజేతతో తలపడే హక్కు ఆయనదే. ఏనుగును చివరి వరుసకు పంపితే చాలు, గెలిచినట్టే. ప్రత్యర్థి టీ కోసం లేచి వెళ్లాడు. న్యాయనిర్ణేత మరో బల్ల దగ్గర ఉన్నాడు. జనం కళ్లన్నీ గోడ మీదే ఉన్నాయి. మాస్టారి చెయ్యి ఏనుగు వైపు బయలుదేరి, దారిలో వంకరగా ఉన్న రాజును రెండు వేళ్లతో సరిచేసింది.

ఆ మాట మాత్రం ఆయన నోట రాలేదు.

చెయ్యి గాలిలో ఆగిపోయింది. తలెత్తితే సాల్మె కళ్లు ఎదురయ్యాయి. ఎవరూ చూడలేదు, ఏనుగునే జరపండి మాస్టారూ అని అరవాలనిపించింది ఆమెకు. ఆయన తల దించుకుని రాజును పక్క గడిలోకి జరిపారు. ఆమె గోడ మీది రాజును కర్రతో తీసి పక్క కొక్కేనికి తగిలించింది. హాలంతా గొల్లుమంది. కాసేపటికే మాస్టారు ఓడిపోయారు.

కోట్లు తగిలించే గదిలో ఆయన ఆమె దగ్గరికి వచ్చారు.

“చూశావు కదమ్మా?”

“చూశాను మాస్టారూ. ఎందుకలా చేశారు?”

“ముట్టుకున్నదే ఆడాను, అంతే. ఇది తెలిస్తే నన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు. ఎవరికీ చెప్పనని మాటివ్వు.”

ఇచ్చింది. ఆ మాట ఎంత బరువో అప్పుడామెకు తెలియదు.

ఏళ్లు గడిచాయి. మాస్టారు పోయారు. మాస్కో పాలన పోయి దేశం స్వతంత్రమయ్యాక పత్రికలకు నోళ్లు లేచాయి. మాస్కో ఆజ్ఞాపిస్తేనే తమ్మిక్ ఆ ఆట ఓడిపోయాడని ఒక పత్రిక రాసింది. సాల్మె ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద చేపల పొలుసు గీకి, చుట్టి అవతల పారేసింది. కోపం మాత్రం చల్లారలేదు.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా మాస్టారి కూతురు మారెత్ వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

“అత్తా, నువ్వు పక్కనే ఉన్నావు కదా. నాన్న అమ్ముడుపోయాడా?”

“నోటికి ఎంతొస్తే అంత అనకు!”

“మరి ఆ రాజును ఎందుకు జరిపాడు? చిన్నపిల్లలు కూడా జరపరు. ఏటా పండక్కి పెట్టేదాన్ని, ఈసారి ఆయన సమాధి మీద కొవ్వొత్తి పెట్టడానికి నాకు మనసు రావడం లేదత్తా.”

చెబితే మాస్టారికి ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లకు తండ్రి పోతాడు. సాల్మె కళ్లు తుడుచుకుని, లోపలికి వెళ్లి చిన్న చదరంగం బల్ల తెచ్చింది. ఆ ఆట ఊరందరికీ కంఠతా వచ్చు. పావులు అలాగే పేర్చి, రాజును కాస్త వంకరగా నిలబెట్టింది.

“ఎత్తు నాది,” అంది.

చెయ్యి చాచి, దారిలో రాజును సరిచేసి, ఏనుగును పట్టుకుంది.

“అదేంటత్తా!” తండ్రి ఒళ్లో కూర్చుని ఆట నేర్చుకున్న పిల్ల కదా, మారెత్ నోట మాట దానంతటదే వచ్చేసింది. “చెప్పకుండా రాజును ముట్టుకున్నావు. ఇక రాజునే జరపా...”

ఆగిపోయింది. బల్లనూ సాల్మెనూ మార్చి మార్చి చూసింది. సాల్మె తల కూడా ఊపలేదు. మారెత్ రాజును తన చేత్తో పక్క గడిలోకి జరిపి, బల్ల మీద తలవాల్చి ఏడ్చింది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఇద్దరూ మంచులో నడిచి మాస్టారి సమాధి దగ్గరికి వెళ్లారు. వెలిగించిన కొవ్వొత్తి మెత్తని మంచులో ఒక పక్కకు ఒరిగింది. మారెత్ చెయ్యి చాచబోయి, ఆగింది.

“సర్దుతున్నాను, నాన్నా,” అంది.