తిన్నవా అని అడిగే మాట

ఆర్మూరులో బీడీలు చుట్టే నర్సవ్వ నోటికి జడిసి గల్లీలో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఆ నోరు ఫోను ముందు మాత్రం మూగబోతుంది. ఫోనులో కనబడేది మనవరాలు దీప. హాలెండులో పుట్టింది. తల్లి దివ్యశ్రీ ఉన్నన్నాళ్లూ తెలుగులోనే గలగలమనేది. పోయిన ఏడు దివ్యశ్రీ జబ్బుచేసి అక్కడే కన్నుమూసింది. అప్పటినుంచి పిల్ల నోట తెలుగు లేదు, అంతా అక్కడి డచ్చు భాషే. ఆదివారం తండ్రి నరహరి ఫోను కలిపితే, అమ్మమ్మ రెండు మాటలనేలోపే లేచి వెళ్లిపోతుంది.

"అది మన మాటలకు రాకుంటే నేనే దాని మాటలకు పోత. నేర్పు అల్లుడా," అంది నర్సవ్వ.

"గీ వయసుల నీకు డచ్చెందుకత్తమ్మా? నువ్వు నాకు చెప్పు, నేను దానికి చెప్త."

"పిల్లను తిన్నవా అని అడగనీకె నడిమిట్ల నువ్వెందుకు?"

నరహరి మాటలు రికార్డు చేసి పంపాడు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకులో తంబాకు చుడుతూ ఆమె వల్లె వేసింది. "హెబ్ యె ఖెఖేతెన్." తిన్నవా అని. ఖ దగ్గర గొంతు గీరుకుపోయేది.

"ఏం భాషనో," అని పక్కింటి ముత్తెమ్మతో అంది. "నేను పోత రేపు అంగడికి అంటరట. పోవుడు ముందు, అంగడి ఎనుక. గీ తినుడొక్కటే మన లెక్క ఆఖర్న వస్తది."

ఆదివారం దీప కనబడగానే అడిగేసింది. లేవబోయిన పిల్ల ఆగి, అమ్మమ్మ నోటి వంక చూసింది.

"నేయ్," అంది. లేదని.

తిన్నవా అంటే, కడుపు కాలుతున్నా తిన్న అనేదే ఆర్మూరు మర్యాద. లేదన్నదంటే పిల్ల పస్తున్నట్టే.

"తల్లిలేని పోరికి ఇంత ముద్ద పెట్టవా?" అని నర్సవ్వ అల్లుణ్ణి కడిగేసింది.

"బువ్వ పొయ్యి మీదున్నదత్తమ్మా. ఇక్కడ తిన్నవా అంటే నిజంగనే అడిగినట్టు. పలకరించనీకె 'అల్లెస్ ఖూత్' అంటరు. అంతా మంచిదేనా అని. మంచిదే అనాలె, అంతే. కథలు చెప్పొద్దు."

తండ్రి నోట తన భాష వినబడి దీప ఫోను దగ్గరికి జరిగింది. "అల్లెస్ ఖూత్, ఓమా?"

ఓమా అంటే అమ్మమ్మ. అంతా మంచిదేనా అని ఏడాదిగా నర్సవ్వను అడిగినవారు లేరు. బిడ్డ దివ్యశ్రీ ఆఖరి చూపు దక్కలేదు. అప్పటినుంచి అన్నం గొంతు దిగదు. ఇదంతా తెలుగులో చెబితే పిల్ల లేచి వెళ్లిపోతుంది.

"ఖూత్," అంది నర్సవ్వ.

పిల్ల వెళ్లి కంచం తెచ్చుకుని ఫోను ముందే తినడానికి కూర్చుంది. పొద్దుటి నుంచి మూత తీయని అన్నం గిన్నెను నర్సవ్వ చాట వెనక్కి జరిపింది, ఫోనులో కనబడకుండా.