గంధకం వత్తికి దొరికిన గాలి

ఉదయం ఏడుంబావుకి అనకాపల్లిలో నర్సీపట్నం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. మా చెల్లెలు రూతుకి గాలి సోకిందని, మర్నాడు ఏజెన్సీ కొండల్లో భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తున్నానని మరిది ఆ తెల్లారుజామునే ఫోన్ చేశాడు. ఆ ప్రయాణం ఆపడానికే నా ప్రయాణం.

పక్క సీట్లో పనసపండ్ల బుట్టతో ఉన్న ముసలామె నేను వెళ్తున్న సంగతి విని, "గాలి సోకితే ముక్కు సచ్చిపోద్దమ్మా, వాసనలు తెలీవు" అంది. నవ్వేశాను. ఆమె మాకవరపాలెంలో దిగిపోయింది. ఆ మాట మాత్రం దిగలేదు.

ఎనిమిది ముప్పావుకి నర్సీపట్నం. బస్సు కాంప్లెక్సు ఎదుట ఇడ్లీ తిని, షేరాటోలో రూతు పనిచేసే కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. అక్కడ చింతపండు గింజ తీసే పని తనది. గేటు దగ్గర బోర్డుంది. పెద్దల బడిలో వచ్చిన అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. 'అమ్మోనియా. లీకైతే గాలికి అడ్డంగా పరుగెత్తండి. ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోండి.' గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డగొట్టం పైన కదలకుండా వేలాడుతోంది.

లోపల అడుగుపెట్టగానే కళ్ళు మండాయి. ఉచ్చగుడ్డలు మూటకట్టి విప్పినట్టు ఘాటు. ఆడవాళ్ళంతా తలుపు దగ్గర గుంపుగా కూర్చున్నారు. రూతు ఒక్కతే ఆ చివర, పైపు కింద, ఎర్రటి కళ్ళతో దగ్గుతోంది.

"ఇటు రాయే అక్కా, దాని మీదున్నది నీ మీదికొస్తాది" అని ఒకామె నన్ను పిలిచింది.

నేను చెల్లెలి దగ్గరికే వెళ్ళాను. "ఏటే ఈ వాసన?"

"ఏ వాసనక్కా? నాకేటీ తెలట్లేదు."

బస్సులో ముసలామె మాట గుర్తొచ్చింది. కొంగు తడిపి దాని ముక్కుకి పెట్టి బయటికి లాక్కొచ్చాను. మిషను చూసే అప్పలనాయుడు గారు నా కేకలు విని వచ్చి, అందరినీ బయటికి పంపారు. "ఆ కళ్ళు కుళాయి కింద పెట్టండమ్మా, పావుగంట ఆపకండి" అన్నారు.

తర్వాత మాస్కు తొడుక్కుని గంధకం వత్తి వెలిగించారు. పైపు వెంబడే దాన్ని నెమ్మదిగా జరుపుతుంటే తలుపులోంచి చూశాం. సాంబ్రాణి అనుకుని ఇద్దరు చేతులు జోడించారు. పొగ దారంలా సన్నగా లేస్తోంది. రూతు కూర్చునే చోటికి సరిగ్గా పైన, వాల్వు దగ్గర, అది ఉన్నట్టుండి చిక్కగా తెల్లబడింది. అక్కడెవరో ఊపిరి వదులుతున్నట్టే ఉంది.

వాల్వు బిగించి వచ్చి ఆయన మాస్కు తీశారు. "అదేనమ్మా మీ దెయ్యం. అమ్మోనియా తగిల్తేనే ఈ వత్తి పొగ అలా తెల్లబడతాది. కొత్తలో ముక్కుని పొడుస్తాది. రోజూ పీలిస్తే అలవాటైపోద్ది. ఇంక ముక్కు సెప్పదు."

దెయ్యమని భయపడి అందరూ జరిగిపోతే, దాని కింద మిగిలింది నా చెల్లెలు.

రూతు గాలి ఎక్కడిదో తెలిసిందని మరిదికి ఫోన్ చేశాను. "గాలి దొరికిందా వొదినా?" అన్నాడు.

"దొరికింది. పైపులో ఉంది. బేగి రా, ఆస్పత్రికెళ్ళాల."

డాక్టరు మందులు రాసి, ఆ పనికి కొన్నాళ్ళు వెళ్ళొద్దన్నాడు. ఏజెన్సీ ప్రయాణం ఆగింది. నాలుగుంబావు బస్సుకి రూతుని నాతో తెచ్చుకున్నాను. అటువైపు పనికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఘాటు తగ్గిందని సంబరపడకండి. తగ్గింది గాలో, మీ ముక్కో ముందు తేల్చుకోండి.

మాకవరపాలెంలో బస్సాగింది. కిటికీ పక్కనున్న రూతు తలెత్తింది. "అక్కా, పనసపండు వాసన!"

నాకే వాసనా తెలియలేదు. పొద్దున్నటి ముసలామె బుట్టతో ఎక్కి నా పక్కన నిలబడింది. నేను ఊపిరి గట్టిగా పీల్చి, మళ్ళీ పీల్చి చూసుకున్నాను.